చిటికెడు కారానికి చెంచాడు కాఫీ

మొన్న చిట్యాల నుంచి మా చిన్న కోడలి చెల్లెలు వచ్చింది. కువైట్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరిందట, వచ్చే వారమే ప్రయాణం. నేను ఆ దేశంలో రెండేళ్లు చేసి వచ్చినదాన్ని కాబట్టి సలహా అడగడానికి జనగామ దాకా వచ్చింది. "అత్తా, ఏమేం తీస్కపోవాలె?" అంది. బట్టల సంగతీ మందుల సంగతీ వదిలేసి, "కారప్పొడి తీస్కపో" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. "గదేందత్తా, ఆడ ఇప్పుడు అన్నీ దొరుకుతయట గద. మామిడికాయ తొక్కు సుత దొరుకుతదట." దొరుకుతుంది. నేనున్నప్పుడూ బజారులో అన్నీ దొరికేవి. నేను బజారులో లేను, అంతే.

మా ఆయన ఆటో బోల్తాపడి నడుము విరిగి మంచాన పడ్డ ఏడాది, దేవరుప్పుల దగ్గరి మా ఊరి నుంచి నేను బయలుదేరాను. నన్ను పెట్టుకున్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. కొట్టలేదు, తిట్టలేదు, కడుపునిండా పెట్టారు. ఆ పెట్టిందే నా గొంతు దిగేది కాదు. పొగలు కక్కే అన్నం, దాని మీద ఇంత పొట్టేలు మాంసం, అందులో ఎండు నిమ్మకాయ, దాల్చినచెక్క. చూపుకు పెళ్లి భోజనం, నాలుకకు దవాఖాన భోజనం. పది రోజులు ఓర్చుకున్నాను. నెల తిరిగేసరికి ముద్ద చూస్తేనే కంచం పక్కకు నెట్టేదాన్ని. గాజులు మోచేతి దాకా జారేవి. గడప దాటి ఒంటరిగా పోనివ్వరు, అడుగుదామంటే భాష రాదు. ఒకసారి మిరపకాయ అని చెప్పడానికి నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంటే, ఇంటామె పాపం చల్లటి మంచినీళ్లు తెచ్చిచ్చింది. అలమారలో మిరియాలు కనబడితే గుప్పెడు నమిలాను. కడుపు మండింది, ఆకలి మాత్రం తీరలేదు. కారం లేకపోతే మనిషి చస్తాడా అనేదాన్ని నేను కూడా. స్నానాల గదిలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చిన రోజున నిజంగానే చస్తాననుకున్నాను.

ఆ ఇంట్లో యజమానురాలిని 'మామా' అనాలి. మన దగ్గర మామ అంటే మీసాలుంటాయి, అలవాటు పడడానికి కొంత కాలం పట్టింది. ఆమె అత్తగారు పెద్ద మామా. ఆ ముసలామెకు పొద్దస్తమానం గహ్వా కావాలి. అంటే కాఫీయే, కాని పాలుండవు, చక్కెర ఉండదు, యాలకులు వేసి కాచిన పసుపు నీళ్లలా ఉంటుంది. మొదటిసారి రుచి చూసి కషాయం అనుకున్నాను. ఆ పొడి డబ్బా నా చేతిలోనే ఉండేది.

ఇంటి వెనక సందులో చెత్త డబ్బా. పొద్దున్నే అక్కడ పక్కింటి పనిమనిషి కనబడేది, నాకంటే పదేళ్లు పెద్ద, ముంజేతుల నిండా పచ్చబొట్లు. ఒకరోజు సంచి తెగి చెత్తంతా నా కాళ్ల మీద పడింది. "అయ్యో, గిట్లయిందేంది!" అన్నాను. ఆమె అక్కడే ఆగిపోయింది. "ఏ ఊరు చెల్లే నీది?" మహబూబాబాద్ దగ్గర ఒక తండా ఆమెది. తెలుగు ఆమె ఇంటి భాష కాదు, తండాలో వాళ్ల మాట వేరు. అయినా ఆ సందులో మా ఇద్దరికీ తెలుగే ఇల్లు.

మర్నాడు కాగితంలో మడిచిన చిన్న పొట్లం నా చేతిలో పెట్టింది. "మా చేన్ల కాయ. ఒక్క చిటికెడే ఏస్కో, బువ్వ లెక్క తినకు." ఆ మధ్యాహ్నం చెవులు వేడెక్కి, ముక్కు కారుతూ, కంచం ఊడ్చి తిన్నాను. అప్పటికే ఆమెను అక్కా అని పిలుస్తున్నాను. వారం తరువాత అక్క తనకూ ఒకటి కావాలంది. తెల్లవారకముందు లేస్తుంది, వాళ్లింట్లో చాయ్‌పత్తికి కూడా తాళం వేస్తారు. "నిలవడితె కండ్లు తిరుగుతున్నయ్ చెల్లే. జర గా కాఫీ ఏమన్న తెస్తవా?" డబ్బాలోంచి చెంచాడు గహ్వా పొడి కట్టి ఇచ్చాను. అప్పటినుంచి అది మా వాడుక అయింది: చిటికెడు కారానికి చెంచాడు కాఫీ. ఆమె పాదాలు వాచి ఉండటం చూశాను. నిలబడి పనిచేస్తే ఎవరికైనా వాస్తాయిలే అనుకున్నాను.

తరువాత మూడు రోజులు అక్క రాలేదు. నాలుగో రోజు పెద్ద మామా పిలిచింది. ఆమె ఒడిలో కాఫీ డబ్బా ఉంది, మూత తీసి ఉంది. దొంగతనం అంటే ఆ దేశంలో ఏం చేస్తారో కథలు కథలుగా విన్నాను. కాళ్ల మీద పడ్డాను. నాకు వచ్చిన నలభై అరబ్బీ మాటల్లో చెప్పుకున్నాను: పక్క ఇల్లు, అక్క, ఆమెకు ఇచ్చాను, ఆమెకు బాగా లేదు, మూడు రోజులుగా లేదు. ముసలామె లేచి నల్ల ముసుగు వేసుకుని, కర్ర పట్టుకుని, నన్ను వెంట రమ్మని నడిచింది. ఆమె గేటు దాటడం నేను చూసింది అదే మొదటిసారి.

పక్కింటి బట్టలుతికే గదిలో, యంత్రం పక్కన, చాప మీద అక్క. మొహం ఉబ్బి కళ్లు తెరుచుకోవడం లేదు. పెద్ద మామా అరిచిన అరుపుల్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కాని, ఆ ఇంటివాళ్లంతా తలలు వంచుకుని నిలబడ్డారు. అంబులెన్స్ వచ్చింది. ఎత్తుతుంటే అక్క నా చేయి పట్టుకుంది. "చెల్లే, కారం పొట్లం సబ్బు డబ్బల ఉన్నది. తీస్కపో."

తీసుకుపోయాను. ఆమె బతికిందో లేదో తెలియకుండానే రోజూ చిటికెడు కలుపుకుని తిన్నాను. సిగ్గేసేది, అయినా తిన్నాను. పెద్ద మామా దొంగతనం మాట మళ్లీ ఎత్తలేదు. నా చేతిలోని పొట్లం విప్పించి చూసింది, ఆ శుక్రవారం కొడుకుతో అలాంటి ఎర్రకారమే తెప్పించి నా ముందు పెట్టింది. అడగగలిగితే దొరికేదే. అది వాళ్లకు తెలియడానికి నెలలు పట్టాయి, ఒక మనిషి పడిపోవాల్సి వచ్చింది.

అక్కను ఆసుపత్రి నుంచే దేశానికి పంపేశారని తరువాత తెలిసింది. తిరిగొచ్చిన నెలలోనే మహబూబాబాద్ వెళ్లి, తండా వెతుక్కుంటూ పోయాను. బతికే ఉంది. మూత్రపిండాలు పాడయ్యాయి, వారానికి రెండుసార్లు దవాఖానకు పోయి రక్తం కడిగించుకుంటోంది. ఉప్పు, కారం ముట్టవద్దన్నారు. కల్లంలో ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి, ఆమె కంచంలో సప్పిడి మెతుకులు. నాకు మాత్రం రొట్టెలు చేయించి, పక్కన రోట్లో నూరిన కారం పెట్టించింది. నేను చేయి కడిగేసుకుంటానంటే ఒప్పుకోలేదు.

"నువ్వు తిను చెల్లే. నేను సూస్త."

తిన్నాను. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. "ఎట్లుంది?" అంది. "మస్తుంది అక్కా" అన్నాను. ఆమె గుటక మింగింది.

మరుసటి మిరప కాపు చేతికి రాకముందే అక్క పోయింది. ఆ దేశంలో రెండేళ్లూ ఎప్పుడు గడుస్తాయా అని ఒక్కో రోజునూ వేళ్ల మీద లెక్కపెట్టి తోసుకుంటూ బతికాను. అక్క ఎదురుగా కూర్చున్న ఆ ఒక్క పూట మాత్రం పొద్దు ఎక్కడిదక్కడే ఆగిపోతే బాగుండుననుకున్నాను, కాని అదే అన్నిటికంటే తొందరగా గూకింది.