నాన్న మాటకు నేను చెప్పిన తెలుగు

ఆయన మా ఊరికి వచ్చేనాటికి నాకు పంతులు ఉద్యోగం వచ్చి ఆరు నెలలు. పర్ణశాలకు ఎగువన, గోదావరి ఒడ్డున మాది కోయపల్లె. కోస్తాలో ఉన్న కాస్త పొలం తుఫానుకు ఇసుకమేట వేసిందని, భార్యనూ జత ఎడ్లనూ వెంటబెట్టుకుని వచ్చాడు. వాగు పక్కన పాక వేసుకోమన్నది మా నాన్నే. ఆ వానాకాలమంతా వాళ్ళు తిన్నది మా ఇంటి జొన్నలే.

ఆయన మొదటినుంచీ చెడ్డవాడని అనుకోగలిగితే నాకు సులువుగా ఉండేది. కానీ మా అమ్మ జ్వరంతో స్పృహ తప్పినప్పుడు, వాగులో ఎడ్లు మొరాయిస్తే తానే కాడి కింద భుజం పెట్టి బండి దాటించి, భద్రాచలం దవాఖానాకు చేర్చాడు. అమ్మ బతికింది.

సాయంత్రాలు బడి అరుగు మీద నా దగ్గర కోయ భాష నేర్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి మా ముసలమ్మలతో పరాచికాలాడేవాడు. ఆ భాషతోనే సభలెక్కాడు. అడవి మనుషుల గోడు తెలిసినవాడని పార్టీలో పేరొచ్చింది. చివరికి ఖమ్మం నుంచి గెలిచి పార్లమెంటుకు వెళ్ళాడు.

రెండోసారి గెలిచిన ఏడాది, మా పోడు చేను అడవి కిందికి వస్తుందంటూ జీపుల్లో ఫారెస్టు వాళ్ళు దిగారు. కంకి పట్టిన జొన్న పీకించి టేకు మొక్కలు నాటించారు.

నాన్నను తీసుకుని ఖమ్మంలో ఆయన ఇంటికి వెళ్ళాను. హాలు నిండా కాంట్రాక్టర్లు, ముదిగొండ వైపు రైతులు. నాన్న నేరుగా ఆయన ముందుకు పోయి కోయలో మొదలుపెట్టాడు. ఆయన చెయ్యెత్తి ఆపి నావైపు తిరిగాడు.

"పెద్దాయన ఏమంటున్నాడు, పంతులుగారూ?"

అంతకుముందు నన్నెప్పుడూ "తమ్ముడూ" అనే పిలిచేవాడు.

నాన్న అన్నది ఇది: "నా గింజ తిని బతికినోడివి. నా చేను పీకుతుంటే నువ్వు యాడున్నవ్?"

నేను తెలుగులో చెప్పింది ఇది: "మీరే దిక్కంటున్నడు సార్. జర చూడమంటున్నడు."

ఆయన తల దించుకున్నాడు. రెండు మాటలూ ఆయనకు అర్థమయ్యాయి. అయ్యాయని నాకు తెలుసు.

"కలెక్టరుగారితో మాట్లాడతాలే" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, "భద్రాచలం ట్రాన్స్‌ఫర్ కావాలన్నావుగా, అర్జీ పంపు" అన్నాడు.

నాన్నకు తెలుగు సంతలో బేరమాడేంత వచ్చు. బస్సెక్కాక నన్నడిగాడు.

"దిక్కు అన్నవు. ఆ మాట నేనన్ననా?"

నేను కిటికీ వైపు తిరిగాను.

"గట్ల చెప్పేటందుకేనా నిన్ను చదివించింది?"

అర్జీ పంపాను. జూన్‌లో బదిలీ వచ్చింది. చేను రాలేదు. నాన్న ఆ టేకు మొక్కల్లోనే కలుపు తియ్యడానికి కూలికి పోయాడు. బతికున్నన్నాళ్ళూ భద్రాచలంలో నా గడప తొక్కలేదు.