రంగు చెప్పని కమ్మరి

మా వీధి చివర కమ్మరి తాతగారు పోయారు. బడిలో పాఠం చెబుతుండగా కబురు వచ్చింది. ఏడుపుకన్నా ముందు నాకు కోపం వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది. మూడేళ్లుగా అడుగుతున్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు మరి.

నేను దొరసానిగారి దగ్గర ఇంగ్లీషు చదువుకున్నదాన్ని. ఆవిడ ఇచ్చిన పుస్తకంలో ఇనుము రకాలు వరసగా ఉన్నాయి. పోత ఇనుము బరువు మోస్తుంది, దెబ్బకు పగులుతుంది. మెత్తటి ఇనుము గొలుసులకు, మేకులకు. అందులోకి బొగ్గు సారం కాస్త ఎక్కితే ఉక్కు. పదును నిలవాలంటే అదే. అలాంటి పుస్తకం తెలుగులో రాయాలని నా ఆశ. రాజోలులో ఇవన్నీ చేతులతో తెలిసిన మనిషి ఆయనే.

"అన్నిటికన్నా గట్టి ఉక్కు ఏది తాతగారూ?" అన్నాను మొదటిరోజు.

"దేనికండీ?"

"ఊరికే, రాసుకోవడానికి."

"ఊరికే గట్టిగా ఉండి అదేం చేస్తుందండీ? ఇనుముకి పేరడక్కండి పంతులమ్మగారూ, పని చెప్పండి."

ఇలా ఉండేది వరస. ఒకసారి పడవాయన లంగరు ఉక్కుతోనే చేసిపెట్టమన్నాడు. ఉక్కే బలమని పుస్తకంలో ఉందని నేనూ వంత పాడాను.

"అయితే పుస్తకాన్నే తాడుకి కట్టి దింపమనండి" అన్నారు సమ్మెట ఆపకుండా. "లంగరు వంగాలండీ. వంగితే సాగ్గొట్టుకుంటాం. విరిగితే పడవ సముద్రంలోకే."

ఆ పూట నా కాగితంలో సగం కొట్టేశాను.

నా ప్రశ్న ఉలుల గురించి. కాల్చి నీళ్లలో ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. మొన మాత్రం ముంచి, ఇటికముక్కతో రుద్ది పట్టుకుంటే వెనకనున్న వేడి మొనవైపు పాకుతూ రంగులు తేలతాయి. తగిన రంగు దగ్గర మళ్లీ ముంచాలి. ఏ పనికి ఏ రంగు? ఎప్పుడడిగినా ఒకటే మాట: "అమ్మాయినడగండి." అమ్మాయి అంటే కొలిమి తిత్తి ఊదే కోడలు, భర్త పోయి అక్కడే ఉండిపోయింది. నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. అలిగి రెండు నెలలు అటు వెళ్లలేదు కూడా.

కాలవ లాకుల పని మేస్త్రీ పదునుకు పంపే, రాయి చెక్కే ఉలులతోనే ఆ ఇల్లు గడిచేది. ఆయన పోయిన మర్నాడే మేస్త్రీ వచ్చి, "పెద్దకర్మ దాకా ఆగుతానండి. ఆపైన వేరే కమ్మరిని చూసుకోవాలి. ముసలాయన చెయ్యి పోయింది కదండీ" అని చెప్పి వెళ్లాడు.

సగం రాసిన నా పుస్తకం పట్టుకుని కోడలి దగ్గరికి వెళ్లాను. రంగుల పేజీ ఖాళీ అని చెప్పాను.

"మావయ్యగారికి నాలుగేళ్లనించి రంగు తెలిసేది కాదండీ. కళ్లకి పొరలొచ్చేసేయి. ఏ రంగొచ్చిందమ్మా అని అడిగేవారు. నే చెప్పగానే ముంచేవారు."

"నాకొక్క మాట చెప్పకూడదా?"

"మీరు రాసేస్తారని భయమండీ. మేస్త్రీగారికి తెలిస్తే ఉలులు పంపుతారా?"

అంటే మొదటిరోజునుంచీ నిజమే చెప్పారు, నేనే ఆమెను అడగలేదు. తన కళ్ల సంగతి దాచడానికి అలా అన్నారా, ఆ పిల్లను నా ముందు నిలబెట్టడానికా? తేల్చుకోలేకపోతున్నాను. ఇంత నేర్పినందుకు దణ్ణం పెడతాను. ఇలా నేర్పినందుకు ఇంకా కోపంగానే ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు మేస్త్రీ రెండు ఉలులు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తిత్తి దగ్గర నేను కూర్చున్నాను. ఆమె మొన ముంచి, రుద్ది, వెలుగుకు పట్టింది. ఎండుగడ్డి రంగు పాకింది. వెనకే పోకచెక్క రంగు. మొన వంకాయ రంగుకు తిరగగానే నీళ్లలో ముంచేసింది. మేస్త్రీ దాన్ని బయట రాయిమీద పెట్టి కొడుతున్నాడు. ఒకటి, రెండు, ఆరు దెబ్బలు. మొన చూసుకుని మళ్లీ కొట్టాడు. ఆమె అటు చూడనేలేదు. రెండో ఉలి అప్పటికే నిప్పుల్లో ఉంది.

"తిత్తి ఆపకండి పంతులమ్మగారూ" అంది.