తొమ్మిది పేర్ల నూకరాజు

ముప్పై నాలుగేళ్లు ఎక్స్‌ప్రెస్ రైళ్లు నడిపి రిటైరైన నూకరాజుని ఒక మేకపిల్ల ఓడించింది. ఈ సంగతి ట్రాఫిక్ కాలనీలో ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల. అందుకే అందరికీ తెలిసింది.

ఆ మేకపిల్ల ఉండేది ఫోన్లో. గోల్‌బజార్ బట్టల కొట్టు కోటిలింగం గారి కొడుకు చక్రధర్, బేరాల మధ్య కూర్చుని సొంతంగా తయారుచేసిన ఆట అది. మెట్టు మీంచి మెట్టుకి మేకని గెంతించాలి. ప్రతి మెట్టుకీ ఓ దీపం. అది ఎర్రబడిందా, మెట్టు కూలిపోతుంది. ఏడో దశకొచ్చేసరికి మేక జోరు చెప్పనలవి కాదు. కాళ్లు చూస్తే దీపం కనబడదు, దీపం చూస్తే మేక గోతిలో ఉంటుంది.

పడ్డప్పుడల్లా నూకరాజుకి ఒళ్లు మండేది. మండినప్పుడల్లా ఆట కింద అభిప్రాయం రాసేవాడు. సొంత పేరుతో రాస్తే పరువేం కాను? ఒకసారి తన పాత అసిస్టెంటు విల్‌ఫ్రెడ్ పేరుతో, ఒకసారి పక్క క్వార్టరు అమర్‌నాథ్ పేరుతో, ఒకసారి ఏకంగా పెళ్లాం పేరుతో రాశాడు. మొత్తం తొమ్మిది. ఇది ఆట కాదు, హత్య, స్పీడు తగ్గించాలి అన్నది అన్నిటి సారాంశం.

శుక్రవారం చక్రధర్ ప్రకటన పెట్టాడు: "ఆటగాళ్ల కోరిక మేరకు ఆదివారం నుంచి ఏడో దశ వేగం సగానికి తగ్గిస్తున్నాను."

నూకరాజుకి అప్పుడు తట్టింది. లేటైన బళ్లని టైముకి చేర్చినవాడు, సగం స్పీడులో దాటితే అదీ ఒక దాటడమేనా? స్పీడు తగ్గేలోపే దాటాలని శనివారం పొద్దుటినుంచి మేకని చంపుతూనే ఉన్నాడు. సాయంత్రం భార్య సత్యవాణి చేటలో బియ్యం ఏరుతూ తొంగిచూసింది.

"ఒక్కరే నడుపుతున్నారేటి? ఇంజన్లో ఇద్దరుండేవోరు కదా?"

నూకరాజు తలెత్తాడు. నిజమే. సిగ్నల్ కనబడగానే ఇంజన్లో ఒకరు పైకి పలకాలి, రెండోవారు తిరిగి పలకాలి. రిటైరయ్యాక ఆటోలో వెళ్తున్నా సిగ్నల్ కనబడితే ఆయన పలికేవాడు. ఆవిడ విసుక్కుంటూనే తిరిగి పలికేది.

"అయితే దీపాలు నువ్వు సూడు. కాళ్లు నాను సూస్తాను."

"గ్రీన్!" అని ఆవిడ అరిచింది.

"గ్రీన్!" అని ఈయన గెంతించాడు.

"రెడ్!"

"రెడ్!"

పక్క క్వార్టర్ల కిటికీలు తెరుచుకున్నాయి. నాలుగో ప్రయత్నంలో మేక అవతలికి చేరింది. నూకరాజుకి కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

కానీ రేపటి నుంచి దారినపోయే ప్రతివాడూ దాటేస్తాడు! వెంటనే చక్రధర్‌కి ఫోన్ కొట్టి, స్పీకర్ పెట్టాడు.

"స్పీడు ముట్టుకోకు బాబూ. బాగున్నాది."

"ఏం చెయ్యను బాబాయ్? వద్దన్నది మీరొక్కరే. తగ్గించమన్నవాళ్లు తొమ్మిదిమంది."

నూకరాజు ఫోన్ మీదికి వంగాడు.

"ఆ తొమ్మిదిమందీ నానేరా."

అవతల చక్రధర్ నవ్వు ఆగలేదు. ఇవతల సత్యవాణి చేట కింద పెట్టింది.

"నా పేరూ వాడినారా? ఏటని రాసినారు?"

తప్పించుకునే దారి లేక నూకరాజు చదివాడు: "మా ఆయనకి చేతకాదు. స్పీడు తగ్గించండి."

సత్యవాణి చేట మళ్లీ అందుకుంది.

"మొదటి ముక్క ఉంచండి," అంది. "రెండోది కొట్టేసి, నాను దాటించినానని రాయండి."