ఒక్కపొద్దు నాటి షుగర్ గోలీ

హాలియా బడిలో ఏడో తరగతి ఫస్టున పాసైనవాణ్ని. ముప్పై రెండేళ్లు సాగర్ కాలువ లష్కర్‌గా తూములెత్తి పొలాలకు నీళ్లు పంచినవాణ్ని. నా మాట దాటినవాళ్లు తక్కువ. మిర్యాలగూడలో మేముండే వృద్ధాశ్రమం ఆయా చాందీ మాత్రం దాటింది.

చాందీది దామరచర్ల దగ్గరి తండా. ఆమెకు నర్సు చదువు లేదు, అక్షరమూ రాదు. అయినా మా పదకొండు మందికి గోలీలిచ్చే పని ఆమెదే. ఎవరి డబ్బా ఎవరిదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టుకుంది. ఏనాడూ డబ్బా మారలేదు.

ఒక శనివారం పొద్దున మాతో ఉండే నాంచారమ్మకు షుగర్ గోలీ ఇచ్చింది. ఆమె ఒక్కపొద్దు ఉండి ఏమీ తినలేదని చాందీకి తెలియదు. నాకు తెలుసు, కానీ అడగలేదు గనుక చెప్పలేదు. పదకొండింటికల్లా నాంచారమ్మ చెమటలు పట్టి కూలబడింది. చక్కెర నీళ్లు తాగించి దవాఖానకు తీసుకుపోతే బతికింది.

నాకూ షుగరే. మరుసటి శనివారం నా ఒక్కపొద్దు.

"పొద్దుగాల ఏం తిన్నవ్ తాతా?" అంది చాందీ.

"ఏం తినలే. పదేండ్ల సంది అలవాటే. గోలీ ఇటియ్యి."

"కాలువకు నువ్వు పెద్దసారువే. గోలీకి గాదు. జర ఆగు."

దవాఖాన నర్సుకు ఫోన్ చేసింది. తినకుండా ఇయ్యొద్దని, డాక్టర్‌ను కలవమని నర్సు చెప్పింది.

ఇప్పుడు ఒక్కపొద్దు ఉండేవాళ్లం ముందురోజే మా డబ్బాకు తెల్లదారం కడతాం. నర్సును అడగనిదే ఆ డబ్బా చాందీ తెరవదు. మొదటి తెల్లదారం కట్టింది నేనే.