గోవింద్‌పూర్ నుంచి అగ్రికోకు, గాలి తీసిన సైకిల్‌తో

అగ్రికో దగ్గరి ఒక చిన్న వర్క్‌షాపు మా బావ సింహాచలాన్ని పదకొండింటికి మెడికల్ పరీక్షకు రమ్మంది. నెగ్గితే పర్మనెంటు ఉద్యోగం. కిందటిసారి బీపీ ఎక్కువుందని వెనక్కి పంపారు. ఈసారి తప్పితే మళ్లీ పిలిచేది లేదని ముందే చెప్పారు. ఏళ్ల తరబడి కాంట్రాక్టరు కింద ఇనుము మోసిన మనిషి. తోడు వెళ్లమని మా అక్క నన్ను పంపింది. ఈ ప్రయాణం అందుకే, షికారుకు కాదు.

ఈ దారికి మినీబస్సు ఉంది, రూపాయిలోపే టిక్కెట్టు, కానీ షిఫ్టు మారే వేళ ఫుట్‌బోర్డు మీద వేలాడాలి. సైకిల్ నయం. టెల్కో కాలనీ మీదుగా తాపీగా తొక్కినా గంటంబావు పడుతుంది. మేం చెరో సైకిల్ మీద తొమ్మిదికి గోవింద్‌పూర్‌లో బయలుదేరాం. ఎండకు అప్పటికే తారు మెత్తబడుతోంది. కాలనీ రోడ్లు నున్నగా ఉంటాయి. జాగ్రత్త పడాల్సింది టెల్కో ఫ్యాక్టరీలోంచి వచ్చే కొత్త లారీలతో. బాడీ కట్టని చాసిస్‌లు, వాటి మీద ముఖాలకు గుడ్డ చుట్టుకున్న డ్రైవర్లు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

కాలనీ బజారు దాటాక బావ సైకిల్ ఆపాడు. రోడ్డు పక్క ఒకావిడ హండియా అమ్ముతోంది. హండియా అంటే అన్నం పులియబెట్టి చేసే మత్తు పానీయం.

"డాక్టరు కాడికెళ్తా తాగుతావేటి బావా?"

"చలవరా. చలవ చేత్తే బీపీ దిగిపోద్దని మా గేంగోళ్లందరూ సెప్పినారు. ఇది సారా కాదు, గంజి."

"గంజికి పైసలెందుకు ఇస్తున్నావు బాబూ?" అని హిందీలో నవ్వింది ఆవిడ, దొన్నె నింపుతూ.

మూడు దొన్నెలు తాగి సైకిలెక్కాడు. హ్యాండిల్ పాములా మెలికలు తిరిగింది. వెనక కేరియర్ పట్టుకుని ఆపాను.

"దిగు."

"సైకిలుకి లైసెన్సేటి, చలానా ఏటి? ఒదలరా."

ఎదురుగా టీ కొట్లో ఒక కానిస్టేబులు ఉన్నాడు. బావే వెళ్లి అడిగాడు, తాగి సైకిల్ తొక్కితే నేరమా అని. ఆయన గ్లాసు దించకుండా హిందీలోనే చెప్పాడు: "మోటారు చట్టంలో సైకిల్ లేదు. తాగి రోడ్డు మీద గొడవ చేస్తే ఠాణా ఉంది. పడి చస్తే పంచనామా నేను రాయాలి. నా బాధ అదీ."

"ఇన్నావా?" అన్నాడు బావ, కేసు గెలిచినవాడిలా.

నా సైకిల్ కేరియర్ మీద కూర్చోబెట్టాను. ఒక పక్క ఎక్కి రెండో పక్క జారిపోయాడు. లేచి మళ్లీ తన సైకిల్ అందుకోబోయాడు. వంగి దాని ముందు చక్రం వాల్వ్ విప్పి జేబులో వేసుకున్నాను. గాలి బుస్సుమంది.

"ఏటి సేసినావురా?"

"నడుద్దాం."

"నడిత్తే పదకొండు దాటిపోద్ది. నా నౌకరీ పోతాది."

"పోనీ."

బూతులు తిడుతూ నడిచాడు. కాస్త దూరం పోయాక వెనక నుంచి చాసిస్‌లు వచ్చాయి. కాలు పెడల్‌కు తగిలి బావ మట్టిలో కూలబడ్డాడు. సైకిల్ రోడ్డు మీదికి పడింది. మొదటి చాసిస్ దాని ముందు చక్రం మీదుగా పోయి ఆగింది. డ్రైవరు ముఖం మీది గుడ్డ లాగి, "బతికే ఉన్నాడా?" అని అడిగాడు. ఉన్నాడన్నాను. వెళ్లిపోయాడు. మడత పడ్డ రిమ్మును బావ చాలాసేపు చూశాడు. ముందు చక్రం ఎత్తిపట్టి సైకిల్ నడిపించుకుంటూ కదిలాడు.

వర్క్‌షాపు చేరేసరికి పన్నెండు దాటింది. గేటు దగ్గరే వెనక్కి పంపారు.

బావ ఇంకా ఇనుమే మోస్తున్నాడు. నాతో మాట మానేశాడు. నా కోపం ఆయన మీద కాదు. హండియా తాగితే బీపీ దిగుతుందని చెప్పిన తోటి కూలీల గేంగు మీద. మనిషి జీవితాన్ని ఒక్క పూటకు కట్టేసిన ఆ వర్క్‌షాపు మీద. చట్టం అడ్డుపడకపోతే ప్రమాదమూ అడ్డుపడదనుకునే తెలివితక్కువతనం మీద. సైకిల్‌కు చట్టం లేదని కానిస్టేబులు అన్నాడు, సరే. చాసిస్‌కు ఆ సంగతి తెలియదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒకే చిట్కా. తోటివాడు తాగితే వాదించకండి, వాల్వ్ విప్పండి, వేళ్లతోనే వస్తుంది. పారేయకండి. మొన్న ఆదివారం బావ కొత్త రిమ్ము వేయించుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. వాల్వ్ తీసి ఇచ్చాను.