కడిగిన కంకర

డాంబరు రాతిని పట్టుకుంటుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గుప్పెడు కంకరకు వేడి డాంబరు పట్టించి, గాజు గిన్నెలో వేసి, నీళ్లు పోసి, ఒక రోజంతా గోరువెచ్చగా ఉంచుతారు. మర్నాడు చూస్తే, సరిగ్గా అంటుకోని చోట డాంబరు ఊడి రాయి బయటపడుతుంది. ఎంత ఊడిందో చెప్పే యంత్రం మా దగ్గర లేదు. మనిషి చూసి చెప్పాలి. మిగతా పరీక్షలకు తూకమో జల్లెడో ఉంటుంది. దెబ్బలకు రాయి ఎంత నలిగిందీ, పలుచటి పలకల్లాంటి ముక్కలు ఎంతమేరకు కలిశాయన్నదీ తూచి చెప్పవచ్చు. దీనికి మాత్రం కన్నే ఆధారం.

అప్పుడు నేను సిరిసిల్ల దగ్గర ఒక కాంట్రాక్టరు పెట్టిన సైటు ల్యాబుకు ఇన్‌చార్జిని. రెండు రేకుల గదులు, ఒక షెడ్డు. నాతో పనిచేసిన టెక్నీషియన్ కోరుట్ల మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను చాచా అనేవాణ్ణి. ఆయన నన్ను సార్ అనేవారు. వారమంతా తంగళ్ళపల్లిలో అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం మోటారు సైకిల్ మీద ఇంటికి పోయి, సోమవారం పొద్దున నాకంటే ముందే వచ్చి తాళం తీసేవారు. కంకర కుప్ప దగ్గర నిలబడి గుప్పెడు తీసుకుని, రెండు అరచేతుల మధ్య రుద్ది, చేతికి అంటిన దుమ్ము చూసేవారు. రాయిని ఆ తర్వాత చూసేవారు. నాకు ఆ అలవాటు లేదు. నేను పరీక్షల నియమాల పుస్తకం చూసేవాణ్ణి.

మేం వేస్తున్నది ఒక పల్లెకు పోయే రోడ్డు. మొదట్లో మల్యాల వైపు నుంచి కంకర వచ్చేది. శుభ్రమైన రాయి. దూరమని కాంట్రాక్టరు దాన్ని మాన్పించి దగ్గరలోని క్రషర్‌కు మారాడు. అక్కడి రాయి కూడా గట్టిదే. కాని క్వారీలో పైనున్న ఎర్రమట్టిని పూర్తిగా తీయకుండానే రాయి పేల్చేవారు. కంకర మీద సన్నటి మట్టి పొర ఉండేది. డాంబరు ఆ మట్టిని పట్టుకుంటుంది, రాయిని పట్టుకోదు.

కొత్త కంకర దిగిన రోజు చాచా కుప్పలోంచి తెచ్చింది తెచ్చినట్టే పరీక్షకు పెట్టారు. మర్నాడు పొద్దున గాజు గిన్నెను కిటికీ దగ్గరికి తీసుకుపోయి నన్ను పిలిచారు.

“మొఖాలు బయటవడ్డయి సార్. సూడున్రి. గిది వట్టుకోదు.”

నేను వంగి చూశాను. నిటారుగా నిలబడి, “మట్టి కంకరతోని చేస్తరా చాచా? పుస్తకంల శుభ్రమైన రాయి అని ఉన్నది. కడిగి చేయిన్రి” అన్నాను.

“కడిగితె ఎందుకు వట్టుకోదు సార్? పెండ్లిసూపులున్నయని తానం చేయించి కూసోవెట్టినట్టు అయితది. రేపు రోడ్డు మీద వోసేటప్పుడు గీ రాళ్లకు తానం ఎవలు చేపిస్తరు? మీరా, నేనా?”

గుమ్మంలో బీడీ తాగుతున్న రోలర్ డ్రైవర్ పకపకా నవ్వాడు. “నువ్వు చేపియ్యి చాచా. సార్ తువ్వాల వట్టుకోని నిలవడ్తడు.”

ఆ నవ్వుకు నా ముఖం వేడెక్కింది. వానలు రాకముందే పని కావాలని పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్న మాట నిజమే. అయినా ఆ రోజు నేను మొండికేసింది ఆ ఫోన్ల వల్ల కాదు, ఆ నవ్వు వల్ల. “చెప్పింది చేయిన్రి” అన్నాను.

ఆయన కంకర కడిగారు, ఎండబెట్టారు, మళ్లీ చేశారు. రాయి ఎక్కడా బయటపడలేదు. రిజిస్టరులో రాస్తూ పెన్ను ఆపి, “కడిగినమని రాయాల్నా సార్?” అని అడిగారు.

“పుస్తకంల ఉన్నట్టే చేసినం గద. మళ్ల రాసుడెందుకు?”

ఆయన సంతకం చేశారు. కింద నేను చేశాను. ఆ పేజీలో అబద్ధం ఒక్కటీ లేదు. చాలాకాలం నాకు నేను చెప్పుకున్నది ఇదే.

రెండో వానకే రోడ్డు మీద కంకర లేచింది. కాంట్రాక్టరు కంపెనీ నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి రిజిస్టరు తిరగేసి, ఈ పరీక్ష కళ్లతో చూసింది ఎవరని అడిగాడు. టెక్నీషియన్ అన్నాను. ఆ మనిషి చూపు ఎట్లా ఉంటుందని అడిగాడు. “వయసైంది కదా సార్” అన్నాను. చాచా గుమ్మంలోనే ఉన్నారు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నేను నా మాట సవరించలేదు. ఆ వారంలోనే ఆయనను రావద్దన్నారు.

కొన్ని నెలలకు జగిత్యాల నుంచి వేరే ల్యాబువాళ్లు ఫోను చేశారు. మీ దగ్గర పనిచేసిన మనిషి వచ్చాడు, ఎట్లాంటివాడని అడిగారు. “పనిమంతుడే. చూపే కొంచెం తగ్గింది” అన్నాను. అప్పుడు నా ఎదుట అధికారి లేడు. నన్నెవరూ ఇరుకున పెట్టలేదు. మొదటిసారి అన్న మాటకు కట్టుబడి ఉండాలి కాబట్టి అన్నాను.

ఈ వానాకాలంలో రోలర్ డ్రైవరే ఫోను చేసి చాచా పోయారని చెప్పాడు. గుండెపోటు. అప్పటికి మేం మాట్లాడుకుని రెండేళ్లు దాటింది. వారం తర్వాత కోరుట్ల వెళ్లాను.

ముందు గదిలో ఆయన బిడ్డ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. తల్లి లోపలి గదిలో ఉంది. భర్త పోయాక ముస్లిం ఆడవాళ్లు పాటించే గడువు అది. పరాయి మగవాళ్ల ఎదుటికి రారు. గుమ్మానికి తెర వేలాడుతోంది.

“మా అబ్బా మిమ్మల్ని మస్తు తలుసుకునేటోడు సార్” అంది బిడ్డ.

“ఏమని?”

“సార్ సదువుకున్నోడు, ఊకెనే అనడు, నా కండ్లే కరాబైనయి అని. జగిత్యాలల ఇద్దరు డాక్టర్ల కాడికి తీసుకపోయిన. ఇద్దరు గూడ సూపు మంచిగనే ఉన్నదన్నరు. నమ్మలే. పేపర్ నాతోని సదివిచ్చుకునేటోడు. బియ్యంల రాళ్లు గూడ నన్నే సూడుమనేటోడు.”

ఆమె నిష్ఠూరంగా అనలేదు. తండ్రి గురించి నాలుగు మాటలు చెప్పుకుంటోంది, అంతే. తలూపి, చాయ్ తాగి, బస్సు టైమైందని లేవవచ్చు. అట్లా చేద్దామనే అనుకున్నాను కూడా.

“చాచా సూపు మంచిగనే ఉండె అమ్మా” అన్నాను. కుప్పలోని కంకర సంగతి, కిటికీ దగ్గర ఆయన గాజు గిన్నె చూపించిన సంగతి, నేను కడిగించిన సంగతి చెప్పాను. జగిత్యాల ఫోను సంగతీ చెప్పాను. ఎంత పొడుగు కథ అనుకున్నానో అంత పొడుగు లేదు. ఐదు నిమిషాలు పట్టలేదు.

తెర వెనక నుంచి తల్లి మాట వినబడింది.

“బండి నేనే అమ్మిపిచ్చిన సార్. కండ్లు కానస్తలెవ్వని, ఏ లారీ కింద వడ్తడో అని. అప్పటిసంది యాడికన్న నడుసుకుంటనే వోయిండు.”

మళ్లీ ఆమే అడిగింది.

“గా పొద్దుగాల, కిటికి కాడ, మీకు గూడ కనవడ్డదా సార్?”

బిడ్డ నా వైపే చూస్తోంది.

“కనవడ్డది చాచీ” అన్నాను.

బిడ్డ లేచి, నేను తాగని చాయ్ తీసుకుని తెర తొలగించుకుని తల్లి దగ్గరికి వెళ్లిపోయింది.