ఇడ్లీ నిషేధం ఎత్తేసిన సాయిబుగారు

మా పేటలో రక్తపరీక్షలు చేసే సాయిబుగారు పోయిన శుక్రవారం కన్నుమూశారు. మిరప కోత దగ్గరుండగా కబురొచ్చింది. కూలీల్లో సగంమంది తెలియకుండానే మోచేతి మడత తడుముకున్నారు. ఆయన సూది తగలని చెయ్యి మా చుట్టుపక్కల తక్కువ.

గుచ్చబోయే ముందు “నిన్న ఏం కూరండీ?” అనేవారు. జవాబయ్యేలోగా పనయిపోయేది. గోంగూర అన్నవాళ్ళని మాత్రం ఇంకాస్త కదిపేవారు. అది వైద్యం కాదు, ఆశ.

మా మనవరాలికి తొమ్మిదో ఏట క్రోన్స్ అని తేలింది. పేగుల్లో పుండ్లుపడే దీర్ఘరోగం. గుంటూరు డాక్టరుగారు యాంటీబాడీ పరీక్ష రాస్తే, సాయిబుగారు రక్తం తీసి ఐసుడబ్బాలో హైదరాబాదు పంపారు. ఈస్టు మీద తయారయ్యే యాంటీబాడీ ఎక్కువగా ఉందని వచ్చింది.

నేను బడికెళ్ళింది తక్కువ. బెల్లం పొట్లాల కాగితాలు చదివి పండితుణ్ణయ్యాను. ఒక పొట్లంలో గుర్రాల జలుబుకి మందు కూడా నేర్చుకున్నాను, గుర్రమే దొరకలేదు. సరే, ఆ రిపోర్టులో ‘ఈస్టు’ అన్న మాట పట్టుకున్నాను. ఈస్టంటే పులియబెట్టేది. ఇంకేముంది, ఇంట్లో ఇడ్లీ, దోసె, చివరికి పెరుగు కూడా బందు. కారం అంతకుముందే బందు. పిల్ల చిక్కి సగమైంది.

నెల తర్వాత మళ్ళీ వెళితే సాయిబుగారు దాని బరువు చూసి నావైపు తిరిగారు.

“ఏం పెడుతున్నారు బాబాయ్?”

చెప్పాను, కాస్త గర్వంగానే.

“ఇడ్లీ ఏం చేసిందండీ పాపం? ఈ జబ్బున్న చాలామంది రక్తంలో ఆ యాంటీబాడీ కనపడుద్ది. గుర్తు, అంతే. ఆ తిండి పడదని కాదు. ఇదిగో ఫోను, డాక్టరుగారినే అడగండి.”

డాక్టరుగారూ అదే మాట, చీవాట్లు కలిపి చెప్పారు.

“మరి అది ఎక్కువుంటే పేగు ఇరుకవుద్దని డాక్టరుగారు అన్నారుగా?” అన్నాను, ఫోను పెట్టేసి.

“అవకాశం ఎక్కువన్నారు, అయితీరుద్దనలేదు. మబ్బు పట్టిందని కల్లంలో కాయలు పారబోస్తామా? కప్పడానికి పట్టా దగ్గరపెట్టుకుంటాం. మీరేమో పిల్ల కడుపే ఎండబెట్టారు.”

“అయితే సాయంత్రం ఇడ్లీయేనా తాతయ్యా?” అంది పిల్ల. ఆరు తింది.

కన్నేసి ఉంచాం. పద్నాలుగో ఏట పేగు ఇరుకైన మాట నిజమే. ముందే కనిపెట్టారు, ఆపరేషనుతో గట్టెక్కింది. ఇప్పుడు ఇంటరు పాసైంది.

ఆపరేషను తర్వాత మొదటిసారి ఆయన దగ్గరికెళ్ళినప్పుడు, సూది తీసేలోగా పిల్ల కుర్చీలోనే నిద్రపోయింది. బయట బెంచీ నిండా జనం. లేపబోతే, వద్దన్నట్టు తల ఊపారు. దాని చేతిమీది దూదిని బొటనవేలితో అదిమిపట్టి, అలాగే నిలబడ్డారు.